గడ్డి, గొడ్లు, పద్దు పుస్తకం: కెనడా ప్రెయిరీల్లో తొలి కొట్లు

కెనడా పశ్చిమాన ఉన్న ప్రెయిరీల, అంటే విశాలమైన గడ్డి మైదానాల, ప్రస్తావన రాగానే గుర్రం మీద కూర్చున్న మనిషి బొమ్మ మెదులుతుంది. జీనుకు చుట్టిన తాడు, తలమీద వెడల్పాటి టోపీ, కనుచూపు మేర మేస్తున్న మంద. పర్యాటక ప్రకటనలకు ఈ బొమ్మ బాగా అచ్చివచ్చింది. అయితే సంవత్సరాలు వరుసగా పేర్చి చూస్తే ఆ మనిషి కాస్త ఆలస్యంగా వచ్చాడని తెలుస్తుంది. అతని కంటే ముందే అక్కడ ఒక కొట్టు తెరిచి ఉంది. అతను వేసుకున్న బూట్లూ, తాగిన టీ, ఎక్కిన జీనూ ఆ కొట్టువే. వాటి ఖరీదు చాలాసార్లు ఆ కొట్టు పద్దుల్లోనే మిగిలిపోయేది. ప్రెయిరీ పశుపోషణను అర్థం చేసుకోవడానికి జీను కంటే పద్దు పుస్తకం దగ్గర మొదలుపెట్టడమే మేలు.

1874 శరదృతువులో వాయవ్య మౌంటెడ్ (గుర్రపు) పోలీసు దళం నేటి దక్షిణ అల్బర్టాకు చేరింది. సరిహద్దు దాటి వచ్చి సారా అమ్ముతున్న అమెరికా వ్యాపారులను అదుపు చేయడం వాళ్ళకు అప్పగించిన పని. ప్రయాణంలోనే గుర్రాలు చిక్కిపోయాయి, సరుకులు నిండుకున్నాయి. రాజధాని ఒట్టావా నుంచి సాయం వచ్చే దారే లేదు. ఆదుకున్నది సరిహద్దుకు అవతల, మోంటానాలోని ఫోర్ట్ బెంటన్‌లో ఉన్న ఐ. జి. బేకర్ కంపెనీ. పోలీసులు ఫోర్ట్ మెక్లౌడ్ కట్టుకుంటుండగానే ఆ కంపెనీ భాగస్వామి చార్లెస్ కాన్రాడ్ పక్కనే కొట్టు లేపాడు. మరుసటి ఏడు ఫోర్ట్ కాల్గరీ కట్టే కాంట్రాక్టు కూడా ఆ కంపెనీకే దక్కింది. నేటి కాల్గరీ మహానగరానికి తొలి గోడలు లేపింది ఒక కిరాణా సంస్థ అన్నమాట.

ఆ కొట్టులోకి సరుకు వచ్చే దారి చూస్తే వ్యవహారం ఇంకా స్పష్టమవుతుంది. సెయింట్ లూయిస్ రేవులో ఎక్కించిన పిండి బస్తాలూ, చక్కెర, పొగాకు, తూటాలూ ఆవిరి పడవల మీద మిస్సోరీ నదికి ఎదురెక్కి ఫోర్ట్ బెంటన్ చేరేవి. అక్కడి నుంచి ఎడ్ల జతలు లాగే బరువు బండ్ల వరుసల మీద మూడు వందల కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి సాగేవి. కెనడా పోలీసులు తిన్న రొట్టె అమెరికా నది మీదుగా వచ్చిందే. 1883లో కెనడియన్ పసిఫిక్ రైలు వచ్చేదాకా ఫోర్ట్ మెక్లౌడ్ నుంచి ఉత్తరం రాస్తే అమెరికా తపాలా బిళ్ళ అంటించాల్సిందే. ఎందుకంటే అది బయటి లోకానికి పోయేది ఫోర్ట్ బెంటన్ మీదుగానే. ఊళ్ళో బ్యాంకు లేదు. 1875లో తన మనుషుల జీతాల డబ్బు కోసం అధికారి జేమ్స్ మెక్లౌడ్ మంచు తుపాను మధ్య మోంటానాలోని హెలెనా దాకా స్వారీ చేయాల్సి వచ్చింది. అలాంటి చోట అరువు ఇచ్చి, పద్దు రాసుకుని, వాయిదా మీద వసూలు చేసుకోగల దుకాణదారుకు దొరికే పలుకుబడి ఎంతటిదో ఊహించవచ్చు. ఒకప్పుడు సారా వ్యాపారంలో తిరిగి, ఆ తర్వాత మెక్లౌడ్‌లో బేకర్ కొట్టు నడిపిన డి. డబ్ల్యూ. డేవిస్ 1887లో అల్బర్టా జిల్లా నుంచి పార్లమెంటుకు ఎన్నికైన తొలి సభ్యుడయ్యాడు. పట్టుకోవడానికి పోలీసులు ఏ వర్తకాన్ని వెతుక్కుంటూ వచ్చారో, ఆ వర్తకం నుంచే నియోజకవర్గానికి ప్రతినిధి వచ్చాడు. సరిహద్దు సమాజాల్లో ఇది అంత వింత కూడా కాదు.

ఇక పశువుల సంగతి. ఈ నేల వ్యవసాయానికి పనికిరాదని 1857–60 మధ్య తిరిగి చూసిన జాన్ పాలిసర్ బృందం తేల్చింది. ఆ త్రికోణాకారపు పొడి నేలకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. చెట్టు లేదు, వాన తక్కువ. కాని గడ్డికి ఒక ప్రత్యేకత ఉంది. వేసవి చివర వానలు ఆగిపోగానే అక్కడి పొట్టి గడ్డి నిలువునా ఎండిపోతుంది. ఎండినా అందులోని పోషకాలు చాలావరకు అలాగే ఉంటాయి. కోయకుండా, వామి వేయకుండా, నేల మీదే నిలవ ఉన్న ఎండు మేత అది. దానికి తోడు రాకీ పర్వతాల మీదుగా చలికాలంలో అప్పుడప్పుడు దిగే చినూక్ అనే వెచ్చటి గాలి కొన్ని గంటల్లోనే మంచును కరిగించి ఆ గడ్డిని బయటపెడుతుంది. బైసన్ దున్నలు వేల ఏళ్ళుగా బతికింది ఈ లెక్క మీదే. 1879 నాటికి కెనడా వైపు ఆ దున్నల మందలు దాదాపు అంతరించాయి. గడ్డి మిగిలింది, తినే నోరు పోయింది.

ఆ ఖాళీలోకి ప్రభుత్వం పెట్టుబడిని పిలిచింది. 1881 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం ఒక్కొక్కరికి లక్ష ఎకరాల దాకా, ఏడాదికి ఎకరానికి ఒక్క సెంటు చొప్పున, 21 ఏళ్ళ కౌలుకు ఇచ్చారు. కౌలుదారు మూడేళ్ళలో పదెకరాలకు ఒక పశువు చొప్పున తేవాలి. సెనేటర్ మాథ్యూ కాక్రేన్, మాంట్రియల్ ఓడల యజమానులైన ఆలన్ కుటుంబం వంటివారు దిగారు. ఆలన్‌ల డబ్బుతో నడిచిన బార్ యూ రాంచ్ (పెద్ద పశుపోషణ క్షేత్రం) కోసం 1882లో ఇడహో నుంచి మూడు వేల పశువులను తోలుకొచ్చిన వారిలో జాన్ వేర్ ఉన్నాడు. అమెరికాలో బానిసగా పుట్టి, అల్బర్టాలో పశువుల మీద కాల్చే సొంత గుర్తుతో సొంత మంద కట్టుకున్న నల్లజాతి పశుపోషకుడు.

మరి ఆ మాంసం కొన్నది ఎవరు? తొలి ఏళ్ళలో పెద్ద గిరాకీ పోలీసు ఠాణాలదీ, ఆదివాసీలకు కేటాయించిన రిజర్వు నేలలదీ. దున్నలు పోయి ఆకలితో కొట్టుమిట్టాడుతున్న బ్లాక్‌ఫుట్ తదితర జాతులు ప్రభుత్వంతో 1877లో చేసుకున్న ఏడవ ఒప్పందంతో రిజర్వులకు చేరాయి. వాళ్ళకు పంచే రేషన్ మాంసాన్ని ప్రభుత్వం కాంట్రాక్టు మీద కొనేది. ఆ కాంట్రాక్టులు మొదట బేకర్ లాంటి దుకాణాలకు, తర్వాత పెద్ద రాంచ్‌లకు వెళ్ళాయి. ఎవరి నేల మీద గడ్డి మేసిందో ఆ జనానికే ఆ పశువు మాంసాన్ని తూచి పంచి, దాని బిల్లు ఖజానాకు పంపిన వ్యాపారం ఇది. స్వేచ్ఛగా తిరిగే కౌబాయి కథలో ఈ అధ్యాయం కనిపించదు. కౌలు ప్రభుత్వానిది, కాపలా ప్రభుత్వానిది, కొనుగోలు ప్రభుత్వానిది. సొంత కాళ్ళ మీద నిలబడ్డామని చెప్పుకున్న రంగానికి ఇంత ఊతం ఉండటం గమనించదగ్గది.

పెద్ద కంపెనీల కథ ఇది. చిన్న ఊరి కథకు తూర్పుగా, నేటి దక్షిణ సస్కాచివన్‌కు రావాలి. విల్లో బంచ్ అనే ఊరు ఇప్పుడు మూడు వందల లోపు జనాభా. దాని తొలి దుకాణదారు జాన్ లూయీ లెగారే 1841లో క్యూబెక్‌లో పుట్టాడు. బతుకుతెరువు కోసం అమెరికా వెళ్ళి, 1870 ప్రాంతంలో దున్నల వేటలో తిరిగే మేటీ కుటుంబాల వెంట ఉడ్ మౌంటెన్ దగ్గరికి చేరాడు. ఆదివాసీ తల్లులకూ ఫ్రెంచి తండ్రులకూ పుట్టిన సంతతి మేటీలు. లెగారే పెళ్ళి చేసుకున్నదీ ఆ సమాజంలోని అమ్మాయినే. దున్న చర్మాలు తీసుకోవడం, టీ, పొగాకు, గుడ్డ, తూటాలు ఇవ్వడం అతని వ్యాపారం.

లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం తర్వాత, 1876 చివర మొదలుకొని, అక్కడ అమెరికా సైన్యాన్ని ఓడించిన లకోటా ఆదివాసీలు సరిహద్దు దాటి అతని కొట్టు ఉన్న ప్రాంతానికే వచ్చారు. 1877లో వాళ్ళ నాయకుడు సిట్టింగ్ బుల్ వచ్చాడు. మొదట్లో వాళ్ళు మంచి ఖాతాదారులు. దున్నలు తగ్గుతున్న కొద్దీ తెచ్చే చర్మాలు తగ్గాయి, అడిగే తిండి పెరిగింది. కెనడా ప్రభుత్వం వాళ్ళకు రిజర్వు ఇవ్వనంది, రేషన్ ఇవ్వనంది; ఆకలే వాళ్ళను వెనక్కి పంపుతుందని ఎదురుచూసింది. 1881 వసంతంలో సిట్టింగ్ బుల్ ఫోర్ట్ క్యాపెల్ దాకా వెళ్ళి అడిగి ఉత్త చేతులతో తిరిగివచ్చాడు. ఆ నెలల్లో అతని మనుషులకు తిండి పెట్టినవాడు లెగారే. విడతలు విడతలుగా కొందరిని అమెరికా సైన్యం దగ్గరికి చేర్చి, చివరికి జులైలో సిట్టింగ్ బుల్‌నూ, దాదాపు రెండు వందల మందినీ వెంటబెట్టుకుని బయలుదేరాడు. వాహనాలు మేటీల రెడ్ రివర్ బండ్లు: ఇనుప మేకు ఒక్కటి లేకుండా కర్రతో చేసి, పచ్చితోలు పట్టీలతో బిగించినవి, ఇరుసుకు కందెన ఉండదు గనుక కోసుల దూరం కీచుమని వినిపించేవి. దాదాపు రెండు వందల కిలోమీటర్లు నడిచి జులై 19న అమెరికా సైనిక స్థావరం ఫోర్ట్ బ్యూఫర్డ్ చేరారు. మర్నాడు సిట్టింగ్ బుల్ తన తుపాకిని చిన్న కొడుకు క్రో ఫుట్ చేతుల మీదుగా అప్పగించాడు.

దారి ఖర్చు, అంతకు ముందు పెట్టిన తిండి ఖర్చు అంతా లెగారే ఖాతాలోనే పడింది. తర్వాత అతను రెండు ప్రభుత్వాలకూ బిల్లు పెట్టాడు; అమెరికాలో క్లెయిముల న్యాయస్థానం దాకా వెళ్ళాడు. అడిగినదానిలో కొంత భాగమే, అదీ ఏళ్ళ తర్వాత చేతికొచ్చింది. అతను దయతో చేశాడా, లాభం చూసుకుని చేశాడా అని చరిత్రకారులు తర్జనభర్జన పడుతుంటారు. ఆ ప్రశ్నే కాస్త పొరపాటుది. ఆకలితో ఉన్న జనం మధ్య ఒకే ఒక్క కొట్టు నడిపేవాడికి ఈ రెండూ వేరు చేసుకునే వెసులుబాటు ఉండదు. పెట్టకపోతే మనుషులు చస్తారు, కొట్టూ మిగలదు. పెడితే ఎవరో ఒకరు చెల్లించాలి. ఎవరు చెల్లిస్తారో పద్దు రాసే నాటికి తెలియదు. దుకాణదారు చేసే ప్రతి అరువులోనూ ఉండే జూదమే ఇది, కాకపోతే ఇక్కడ రెండు దేశాల పరిమాణంలో జరిగింది.

దున్నలు పోయాక చర్మాల వ్యాపారం పోయింది. లెగారే విల్లో బంచ్‌లో స్థిరపడి గుర్రాలు, పశువులు పెంచాడు, తపాలా కార్యాలయం నడిపాడు, చీజ్ తయారీ కూడా పెట్టి చూశాడు. 1885లో ఉత్తరాన మేటీల తిరుగుబాటు రేగినప్పుడు స్థానిక మేటీ యువకులను ప్రభుత్వం చేత కాపలా సైనికులుగా పెట్టించి జీతాలు ఇప్పించాడు. తిరుగుబాటు వైపు పోకుండా వాళ్ళను ఆపింది ఉపన్యాసం కాదు, రోజు కూలి. ఆ కూలి డబ్బులో ఎంతో కొంత అతని కొట్టుకే తిరిగి వచ్చి ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. 1918లో అతను చనిపోయేనాటికి ఆ ఊళ్ళో వ్యాపారం, పశుపోషణ, పంచాయతీ, తపాలా అన్నీ ఏదో ఒక దశలో అతని చేతుల మీదుగా నడిచినవే.

కొట్టూ రాంచూ ఒకే చేతిలోకి రావడం విల్లో బంచ్‌కే పరిమితమైన విషయం కాదు. దానికి కారణం సులభం: నగదు లేదు. పశువుల యజమానికి డబ్బు కళ్ళబడేది ఏడాదికి ఒకసారి, శరదృతువులో బలిసిన ఎద్దులను రైలెక్కించినప్పుడు. మిగతా పదకొండు నెలలూ పిండి, టీ, కిరోసిన్, ముళ్ళతీగ, గుర్రపు లాడాలు పద్దు మీదే నడవాలి. బాకీ తీరకపోతే దుకాణదారు దూడలనో గుర్రాలనో జమ కట్టుకుంటాడు. నాలుగు దూడలు చేరాక వాటికి మేత కావాలి, గుర్తు కాల్చాలి, కాపరి కావాలి. అలా చాలామంది తాము అనుకోకుండానే పశువుల యజమానులయ్యారు. రాంచ్ నడిపేవాడు కూడా చలికాలపు సరుకు ఒకేసారి తెచ్చుకుని, చుట్టుపక్కల వాళ్ళకు అమ్ముతూ చిన్నపాటి కొట్టుదారు అయిపోయేవాడు. రైలు కొస నుంచి నూరు కిలోమీటర్లు బండి కట్టాల్సిన చోట ఎవరి ఇంట్లో పిండి బస్తా అదనంగా ఉంటే అదే అంగడి.

దుకాణదారు తలమీదా కత్తి ఉండేది. అతనికి సరుకిచ్చే టోకు వర్తకుడు విన్నిపెగ్‌లో ఉంటాడు. అతను పెట్టే చెల్లింపు గడువు పశువుల ధరనూ, వాననూ పట్టించుకోదు. అందుకే అరువు ధర ఒకటి, నగదు ధర ఒకటి ఉండేవి. ఈ తేడాను వడ్డీ దోపిడీ అని తిట్టినవాళ్ళున్నారు, ఊరిని బతికించిన సర్దుబాటు అన్నవాళ్ళున్నారు. ఎండిన ఏడాదిలో మొదట దివాలా తీసింది తరచు దుకాణాలే కావడం చూస్తే రెండో మాటకే కొంత మొగ్గు ఇవ్వాలి.

ఆ కొట్టు లోపల ఏం జరిగేదో తెలియడానికి వెన్న సంగతి ఒకటి చాలు. ఇంటి ఆడవాళ్ళు చిలికి తెచ్చిన వెన్న, గుడ్లు తీసుకుని వాటి ఖరీదుకు చక్కెరో గుడ్డో ఇవ్వడం అన్ని చోట్లా రివాజు. చాలా ఇళ్ళలో రోజువారీ సామాను నడిచింది ఈ వెన్న ఖాతా మీదే. మగవాళ్ళ పశువుల డబ్బు అప్పులకు పోయేది. కాని ఒకరి వెన్న ఘుమఘుమలాడితే ఇంకొకరిది ముక్కిపోయి, వెంట్రుకలు తేలుతూ ఉండేది. ఇద్దరూ ఇరుగుపొరుగే, ఇద్దరూ ఖాతాదారులే. ఒకరికి తక్కువ ధర కట్టాడంటే ఆ కుటుంబమే కాదు, వాళ్ళ బంధువులంతా మరో కొట్టు చూసుకుంటారు. అందుకని చాలామంది దుకాణదారులు అందరికీ ఒకే ధర కట్టి, చెడ్డ వెన్నను చప్పుడు చేయకుండా కందెనకో సబ్బుకో పంపేసి, ఆ నష్టాన్ని సరుకుల ధరల్లో సర్దుకునేవారు. బాగా చిలికిన ఇల్లాలు, తనకు తెలియకుండానే, సరిగా చిలకని పొరుగింటికి రాయితీ ఇచ్చిందన్నమాట.

1906–07 చలికాలం ఈ లెక్కలన్నిటినీ తిరగరాసింది. నవంబరులోనే మంచు దిగి, పైపొర కరిగి మళ్ళీ గడ్డకట్టి, గడ్డి మీద గాజుపలకలా పేరుకుంది. చినూక్ రావాల్సినప్పుడు రాలేదు. పశువులు మంచు పొరను గిట్టలతో తవ్వలేక కాళ్ళు కోసుకుని, గాలికి వీపు పెట్టి నడుస్తూ పోయి కంచెల దగ్గర కుప్పలుగా చచ్చాయి. గుర్రానికి గిట్టతో మంచు గీరి మేయడం తెలుసు. పశువుకు ఆ అలవాటు లేదు. ఎండుగడ్డి వాములు వేసుకున్న చిన్న రాంచ్‌లు దెబ్బతిని కూడా నిలబడ్డాయి. గడ్డి ఉచితం, చలికాలం దేవుడిది అనుకుని వేల పశువులను వదిలేసిన కంపెనీల్లో కొన్ని సగానికి పైగా మందను పోగొట్టుకున్నాయి. చాలామంది అమ్ముకుని వెళ్ళిపోయారు. అయితే ఆ కంపెనీలను దెబ్బతీసింది మంచు ఒక్కటే అనడం సగం నిజం. పెద్ద కౌళ్ళను ప్రభుత్వం 1890లలోనే రద్దు చేయడం మొదలుపెట్టింది. పది డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలు సొంతం చేసుకోమన్న 1872 చట్టం కింద సేద్యగాళ్ళు అప్పటికే ముళ్ళతీగ కంచెలు కట్టుకుంటూ వస్తున్నారు. 1908 చట్టం పొడి నేలలను కూడా వాళ్ళకు తెరిచి, ఎకరా మూడు డాలర్లకు మరో 160 ఎకరాలు కొనుక్కోవచ్చంది.

దుకాణదారులకు ఇది పండగ. ఒక రాంచ్ ఉన్న చోట యాభై కుటుంబాలు దిగితే యాభై పొయ్యిలు, యాభై నాగళ్ళు, యాభై ఖాతాలు. పశుపోషకులకు మిత్రుడైన కొట్టుదారు కొత్తవాళ్ళను ఆహ్వానించే సభల్లో ముందు వరసలో కూర్చోవడం వాళ్ళకు మింగుడు పడలేదు. ఈ నేల దున్నితే గాలికి ఎగిరిపోతుందని పశుపోషకులు చెప్పిన మాట స్వార్థంతో చెప్పిందే, కాని నిజం. 1917 తర్వాతి కరువుల్లో తూర్పు అల్బర్టా ఖాళీ కావడం మొదలైంది. 1930లలో మట్టి తుపానులు మిగతా పని పూర్తి చేశాయి.

ఈ ఊళ్ళలో మరో దుకాణం ఉండేది. దాని గురించి ఊరి చరిత్రలు రెండు వాక్యాలతో సరిపెడతాయి: చైనీయుల కాఫీ హోటల్. రైలు కట్టడానికి వచ్చి, పని అయిపోయాక మిగిలిపోయినవాళ్ళు, వాళ్ళ వెనుక వచ్చినవాళ్ళు ప్రతి స్టేషన్ ఊళ్ళోనూ ఒక పొయ్యి వెలిగించారు. దేశంలో అడుగుపెట్టాలంటే చైనీయులు ఒక్కొక్కరు కట్టాల్సిన తలపన్ను 1885లో 50 డాలర్లు, 1903కల్లా 500 డాలర్లు. అంత కట్టి భార్యాపిల్లలను తెచ్చుకోవడం చాలామందికి కల. 1912లో సస్కాచివన్ ప్రభుత్వం చైనీయుల వ్యాపారాల్లో తెల్లజాతి ఆడవాళ్ళు పనిచేయకూడదని చట్టం చేసింది. మూస్ జా పట్టణంలో హోటల్ నడిపే క్వాంగ్ వింగ్ దాన్ని సవాలు చేసినా, 1914లో సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. పశువులు తోలుకొచ్చిన కాపరికి అర్ధరాత్రి వేడి భోజనం పెట్టినవాడు ఆ ఊరివాడు కాలేకపోయాడు. మార్గదర్శకులైన దుకాణదారులంటూ పెట్టే శిలాఫలకాల మీద వీళ్ళ పేర్లు వెతికితే దొరకడం అరుదు.

ఊరి కొట్టును దెబ్బతీసింది కరువు ఒక్కటే కాదు. తపాలాలో సరుకు అమ్మే ఈటన్స్ సంస్థ కేటలాగు 1884లో మొదలైంది. 1905లో ఆ సంస్థ విన్నిపెగ్‌లో పెద్ద దుకాణం తెరిచాక ప్రెయిరీ ఇళ్ళకు సరుకు వేగంగా చేరసాగింది. అక్కడ నగదు ముందే పంపాలి. దాంతో జనం చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఈటన్స్‌కూ, లేనప్పుడు ఊరి కొట్టుకూ వెళ్ళడం మొదలుపెట్టారు. దుకాణదారుకు మొండి బాకీలు మిగిలాయి, లాభసాటి బేరాలు తపాలాలో పోయాయి. పైగా చాలా ఊళ్ళలో తపాలా కార్యాలయం అతని కొట్టులోనే ఉండేది. పోటీదారుకు వెళ్ళే మనియార్డరును తన చేత్తో తనే ముద్ర వేసి పంపాలి. తర్వాత మోటారు కార్లు, మట్టిరోడ్లు వచ్చి, పది కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఊరు అవసరం లేకుండా చేశాయి.

దున్ని పాడుచేసిన నేలలో కొంత మళ్ళీ గడ్డికే వెళ్ళింది. 1935లో ఏర్పడిన ప్రెయిరీ పునరుద్ధరణ సంస్థ ఎండిపోయిన పొలాలను ఉమ్మడి పచ్చిక బయళ్ళుగా మార్చింది. 1938లో అల్బర్టా ప్రభుత్వం ఖాళీ అయిన తూర్పు ప్రాంతాలను ప్రత్యేక చట్టం కిందికి తెచ్చి మేతకు కౌలుకిచ్చింది. పశువులు తిరిగి వచ్చాయి, కాని యాభై ఖాతాలు తిరిగి రాలేదు. కొట్లు నిలిచిన చోట ఎక్కువగా నిలిచినవి సహకార దుకాణాలు. వ్యవసాయ సహకార సంఘాలకు సస్కాచివన్ 1913లోనే చట్టం చేసింది. 1955లో సస్కాచివన్, మానిటోబాల టోకు సహకార సంఘాలు కలిసి ఒకే సమాఖ్య అయ్యాయి. అక్కడ బాకీలు రాసే పద్ధతి తిరగబడింది. ఏడాది చివర ఖాతా చూసుకుంటే కొనుగోలుదారు కొట్టుకు బాకీ పడడు. అతని కొనుగోళ్ళ మేరకు మిగులులో వాటాను కొట్టే అతని పేర జమ చేస్తుంది. ఉడ్ మౌంటెన్, విల్లో బంచ్ చుట్టుపక్కల పశువులను పెంచేవాళ్ళలో చాలామంది ఈరోజు డీజిల్, ముళ్ళతీగ, పశువుల ఉప్పు కొనేది ఇలాంటి కొట్లలోనే, సభ్యత్వ సంఖ్య చెప్పి.